కస్టర్ దొరవారికి సన్మాన పత్రం

మన సభల్లో సన్మాన పత్రానికి ఒక మర్యాద ఉంది. సన్మానం అందుకునే పెద్దమనిషి చేసిన పని ఏమిటో, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడిందో అందులో రాయకూడదు. ముఖవర్చస్సు, వేషధారణ, వాగ్ధాటి, పెద్దలతో చనువు, పత్రికల్లో పడిన బొమ్మలు చాలు. ఈ కొలతలకు అతికినట్టు సరిపోయేవాళ్లు మన రాజకీయాల్లోనే బోలెడుమంది ఉన్నారు గానీ వాళ్లకు సన్మానాలు ఎలాగూ నిత్యం జరుగుతున్నాయి. అందుకని సముద్రాలు దాటి వెళ్లి, అమెరికా సైన్యంలో ఏడో అశ్వికదళాన్ని నడిపిన లెఫ్టినెంట్ కర్నల్ జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కస్టర్ దొరవారిని ఎంచుకున్నాం. 1876 జూన్ 25న మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ నది పక్కన, తన వెంట నడిచిన రెండు వందల పైచిలుకు మందితో సహా ఒక్కరూ మిగలకుండా చనిపోయిన నాయకుడాయన. అంత పెద్ద ఓటమిని పునాదిగా వేసుకుని అంత ఎత్తు కీర్తి కట్టుకున్నవాడు మాకు ఇంకొకడు కనిపించలేదు.

ఇక పత్రం చదువుతున్నాం. చప్పట్లు చివర్లో.

విద్యావతంసా! మీరు ఒహాయోలోని న్యూ రమ్లీ అనే పల్లెలో 1839లో ఒక కమ్మరి ఇంట పుట్టారు. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం నుంచి 1861 జూన్‌లో పట్టా పుచ్చుకున్న 34 మందిలో మీది 34వ స్థానం. అక్కడున్నన్నాళ్లూ క్రమశిక్షణ తప్పినందుకు మీ ఖాతాలో పడిన తప్పుమార్కులు 726. పట్టా చేతికొచ్చిన రోజుల్లోనే కాపలా అధికారిగా ఉంటూ, ఇద్దరు కుర్రాళ్లు కలబడితే విడదీయడం మానేసి, వాళ్లను న్యాయంగా కొట్టుకోనివ్వమని చుట్టూ చేరినవాళ్లకు చెప్పారు. సైనిక విచారణ జరిగింది. తప్పు రుజువైంది. శిక్ష మాత్రం ఒక మందలింపు. అప్పటికే అంతర్యుద్ధం మొదలైంది మరి, పటాలాలకు అధికారులు చాలడం లేదు. శిక్ష పడేలోగా పైవాళ్లకు మన అవసరం పడితే చాలన్న సంగతి మీకు ఇరవై ఒక్క ఏళ్లకే బోధపడింది. వెస్ట్ పాయింట్‌లో మీరు శ్రద్ధగా నేర్చుకున్న పాఠం బహుశా అదొక్కటే. జీవితమంతా దాని మీదే నెగ్గుకొచ్చారు.

రణధీరా! ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెట్టక తప్పదు. అంతర్యుద్ధంలో మీ ధైర్యానికి వంక పెట్టేవాడు లేడు. 23 ఏళ్లకే బ్రిగేడియర్ జనరల్ అయ్యారు. అయిన నాలుగైదు రోజులకే, 1863 జూలై 3న, గెటిస్‌బర్గ్‌కు తూర్పున ఉన్న పొలాల్లో శత్రుసేనాని స్టూవర్ట్ గుర్రపుదళం మీదికి మిషిగన్ రౌతులను తీసుకుని దూకారు. వెనక నిలబడి కత్తితో దారి చూపించే రకం కాదు మీరు. అందరికన్నా ముందున్న గుర్రం మీదే. మీతో వచ్చినవాళ్లు చావడంలో కూడా అంతే ముందుండేవారు, దాని గురించి ఎవరూ పెద్దగా రాయలేదు.

రాయడానికి మీ దుస్తులున్నాయి కదా! నల్ల మఖ్మల్ కోటు, మోచేతుల దాకా బంగారు జలతారు, నావికుడి వెడల్పు కాలరు చొక్కా, మెడలో ఎర్ర రుమాలు, దాల్చినచెక్క నూనె పూసిన పొడుగు జుట్టు. ప్రభుత్వం ఇచ్చిన యూనిఫాం కాదిది, తమరు సొంతంగా రూపకల్పన చేసుకున్నది. మిమ్మల్ని మొదటిసారి చూసిన ఒక అధికారికి పిచ్చెక్కిన సర్కస్ రౌతు గుర్తొచ్చాడట. ఆయనకు ఏం తెలుసు? గుండెలకు గుండు తగులుతుందన్న భయం లేనివాడికి ఫొటో తీసేవాడు ఎక్కడున్నాడన్న దిగులే మిగులుతుంది. 1865 మే నెలలో వాషింగ్టన్ వీధుల్లో విజయయాత్ర జరుగుతుంటే, సరిగ్గా అధ్యక్షుడి వేదిక దగ్గరికి వచ్చేసరికి మీ గుర్రం బెదిరి పరుగెత్తింది. టోపీ ఎగిరిపోయింది, జుట్టు గాలికి లేచింది, జనం కళ్లన్నీ మీ మీదే. గుర్రం నిజంగా బెదిరిందా, మీరు బెదరనిచ్చారా అని చరిత్రకారులు ఇంకా జుట్టూ జుట్టూ పట్టుకుంటూనే ఉన్నారు.

యుద్ధం అయిపోయింది, చిక్కు అక్కడ వచ్చింది. తాత్కాలిక హోదాలన్నీ ఊడిపోయి మేజర్ జనరల్ గారు కెప్టెన్ గారయ్యారు. 1866లో ఏడో అశ్వికదళంలో లెఫ్టినెంట్ కర్నల్‌గా కుదురుకున్నారు. కర్నల్ పదవిలో ఉన్న పెద్దమనుషులు ఎప్పుడూ ఇంకెక్కడో ఉండేవారు కనుక దళం మీ చేతికే వచ్చింది.

1867లో కాన్సస్ మైదానాల్లో మీ తొలి దండయాత్ర చూడముచ్చటైనది. దళాన్ని వదిలేసి ఒంటరిగా అడవిదున్నను తరుముతూ పోయి, గురిపెట్టి కాల్చి, మీరెక్కిన గుర్రం తలలోనే తూటా దించారు. అది మీ శ్రీమతి లిబ్బీగారు ముచ్చటపడి ఎక్కే గుర్రం. శత్రు ప్రాంతంలో దారి తెలియక కాలినడకన మిగిలారు. ఇదంతా మేం కల్పించింది కాదు, మీరే సరదాగా రాసుకున్నారు. సరదాగా రాసుకోనిది ఇంకొకటుంది. పుచ్చిన తిండి, ఎడతెగని నడక భరించలేక పట్టపగలు పారిపోతున్న సైనికులను కాల్చేయమని విచారణ లేకుండా ఉత్తర్వు ఇచ్చారు. ముగ్గురికి గాయాలు, అందులో ఒకడు చచ్చిపోయాడు. ఆ తర్వాత కొన్ని రోజులకే ఎవరినీ అడగకుండా మీరు ఫోర్ట్ వాలెస్‌లో దళాన్ని వదిలి వందల మైళ్లు ప్రయాణించి భార్య దగ్గరికి వెళ్లిపోయారు. సైనికుడు అడగకుండా పోతే తుపాకీ గుండు, దొరవారు అడగకుండా పోతే ప్రేమకథ. ఆ ప్రేమకథను ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటూ చెప్పేవాళ్లున్నారు.

సైన్యం ఈసారి అంతగా కరగలేదు. ఏడాదిపాటు హోదా, జీతం రెండూ నిలిపేసింది. ఆ ఏడాదిలో కొంతకాలం మీ పై అధికారి షెరిడన్ గారి బంగళాలోనే దంపతులిద్దరూ హాయిగా కాపురం ఉన్నారు. ఏడాది పూర్తయిందా? లేదు. 1868 సెప్టెంబరులోనే షెరిడన్ నుంచి తంతి వచ్చింది. ఆయనకు చలికాలంలో గ్రామాల మీద పడి పని ముగించే మనిషి కావాలి. మళ్లీ అవసరం పడింది.

ఆ పని పేరు వాషిటా. 1868 నవంబరు 27 తెల్లవారుజామున మంచులో, ఇప్పటి ఓక్లహోమాలోని వాషిటా నది వంపులో నిద్రపోతున్న షయెన్ ఆదివాసుల గూడెం మీద నాలుగు వైపుల నుంచీ పడ్డారు. దాడికి ముందు మీ బ్యాండు మేళం గ్యారీ ఓవెన్ అనే పాట అందుకుంది. ఆ చలికి ఊదుతున్న నోటి తడి వాయిద్యాల్లోనే గడ్డకట్టి పాట మధ్యలో ఆగిపోయింది. ఆ గూడెం పెద్ద బ్లాక్ కెటిల్. సంధి కోరి కోరి విసిగిన మనిషి. నాలుగేళ్ల కిందట శాండ్ క్రీక్‌లో తన గుడారం మీద అమెరికా జెండా ఎగరేసినా ఆగని సైనికుల ఊచకోత నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు. మీ దాడికి వారం రోజుల ముందే ఫోర్ట్ కాబ్‌కు వెళ్లి, మాకు శాంతి కావాలి మొర్రో అని చెప్పుకుని వచ్చాడు. ఆయనా, ఆయన భార్యా ఒకే గుర్రం ఎక్కి ఏరు దాటబోతుంటే వెనక నుంచి కాల్పులు తగిలి ఇద్దరూ నీళ్లలో పడ్డారు.

103 మంది యోధులను చంపామని నివేదిక పంపారు. యోధుల సంఖ్య అందులో చాలా తక్కువని, ఆడవాళ్లూ పిల్లలూ చాలామంది పోయారని షయెన్‌లు చెప్పారు. వాళ్ల లెక్కను వాషింగ్టన్‌లో ఎవరు అడుగుతారు? 53 మంది స్త్రీలను, పిల్లలను బందీలుగా తోలుకొచ్చారు. వాళ్ల గుర్రాలు ఎనిమిది వందలకు పైగా ఉంటే వాటినీ నిలబెట్టి కాల్పించారు. పత్రాల్లో విజయం అని రాసుకోవడానికి అవి కూడా పనికొచ్చాయి. పారిపోతున్నవాళ్లను తరుముతూ వెళ్లిన మేజర్ ఇలియట్‌కు, వెంట ఉన్న కొద్దిమందికీ ఏమైందో చూడకుండానే తిరుగు ప్రయాణం కట్టారు. రెండు వారాల తర్వాత మంచులో శవాలు దొరికాయి. మీ దళంలోని కెప్టెన్ బెంటీన్ ఈ సంగతి ఒక మిత్రుడికి రాస్తే అది పత్రికకెక్కింది. మీరు అధికారులందరినీ పిలిచి, చేతిలో కొరడా ఆడిస్తూ, రాసినవాడి తోలు వలుస్తానన్నారట. రాసింది నేనే అని బెంటీన్ ముందుకొస్తే కొరడా కిందికి దిగిందట. చెప్పింది బెంటీన్ కనుక కొంత తగ్గించుకుని వినాలి. అయినా, ఎనిమిదేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం మీ ప్రాణం ఈ మనిషి గుర్రం వేగం మీద ఆధారపడుతుందని అప్పుడు మీకు తెలియదు.

సాహితీమూర్తీ! గెలాక్సీ మాసపత్రికలో మీ అనుభవాలు ధారావాహికగా వచ్చి, 1874లో పుస్తకమయ్యాయి. మంచి వచనం, ఒప్పుకోవాలి. మైదానాల్లో మీ జీవితం అన్న అర్థం వచ్చే ఆ పుస్తకం పేరులో జీవితం తీసేసి అబద్ధం అని చేర్చి పిలిచేవాడు బెంటీన్. మీరు రాసుకున్నది మీరే నమ్మడం మొదలుపెట్టారు. అచ్చయిన అబద్ధానికి మొదటి బాధితుడు రచయితే.

అదే 1874 వేసవిలో మీ మహత్తర సేవ. ఆరేళ్ల ముందు, 1868లో, ఫోర్ట్ లారమీ ఒడంబడికలో బ్లాక్ హిల్స్ సహా విశాలమైన ప్రాంతాన్ని లకోటా ఆదివాసులకు రాసిచ్చింది మీ ప్రభుత్వం. తెల్లవాళ్లు అందులో అడుగు పెట్టరాదని మాట ఇచ్చింది. ఆ మాటను పరీక్షించడానికి కాబోలు మీరు వెయ్యిమంది మనుషులతో, 110 బండ్లతో, గాట్లింగ్ తుపాకులతో వెళ్లారు. కోటకు చోటు చూడటానికి అని పైకి చెప్పారు. కోట కట్టేవాడికి భూగర్భ శాస్త్రవేత్తలు, బంగారం కడిగేవాళ్లు, ఫొటోగ్రాఫరు, పత్రికల విలేఖరులు ఎందుకో మాకు తెలియదు. తెల్లగుర్రాల మీద బ్యాండు మేళం ఎందుకో మాత్రం తెలుసు, మీరు వెళుతున్నారు కాబట్టి. మధ్యలో ఒక ఎలుగుబంటిని కాల్చి దాని పక్కన ఫొటో దిగారు. ఫ్రెంచ్ క్రీక్ దగ్గర బంగారు రజను కనబడిందో లేదో దూతను పరుగెత్తించారు. 1873 ఆర్థిక సంక్షోభంలో దివాలా తీసి కూర్చున్న దేశానికి గడ్డివేళ్లలో బంగారం ఉందన్న కబురు అందింది. ఇంకేముంది, పలుగూ పారా పట్టుకుని జనం మందలు మందలుగా కొండలెక్కారు. వాళ్లను ఆపాల్సిన సైన్యం మొదట్లో కొందరిని ఆపింది, తర్వాత ఆపినట్టు నటించింది, చివరికి అదీ మానేసింది.

అరవై లక్షల డాలర్లకు అమ్మమని 1875లో బేరం పెడితే లకోటాలు కాదన్నారు. ఇంటివాడు అమ్మనంటే దొంగ ఏం చేస్తాడో అదే చేసింది సర్కారు. ఒడంబడిక ప్రకారం వేటకు తిరుగుతున్నవాళ్లందరూ 1876 జనవరి 31 లోగా ప్రభుత్వ ఏజెన్సీలకు వచ్చి చేరాలని, రాకపోతే శత్రువులేనని కబురంపింది. మంచుకాలం నడిమధ్యలో, పసిపిల్లలతో, బక్కచిక్కిన గుర్రాలతో వందల మైళ్లు నడిచి రమ్మని! గడువు దాటింది. యుద్ధానికి కాగితం సిద్ధమైంది.

ఆ యుద్ధానికి మీరు దాదాపు దూరమయ్యారు. సైనిక స్థావరాల దుకాణాల లైసెన్సులు అమ్ముకున్న యుద్ధమంత్రి బెల్‌క్నాప్ మీద కాంగ్రెస్ విచారణ జరుగుతుంటే, మీరు వెళ్లి సాక్ష్యం చెప్పి అధ్యక్షుడు గ్రాంట్ సొంత తమ్ముడి పేరు కూడా లాగారు. సాక్ష్యంలో ఎక్కువ భాగం విన్న మాటే. అవినీతి మాత్రం నిజం. మీ బతుకులో మీరు చెప్పిన నిజానికి దగ్గరి మాట ఇదొక్కటే అనుకుంటే, శిక్ష పడింది కూడా దీనికే! గ్రాంట్ మీ చేతి నుంచి దండయాత్ర లాగేసుకున్నాడు. శ్వేతసౌధం వాకిట గంటల తరబడి కూర్చున్నా దర్శనం ఇవ్వలేదు. చివరికి జనరల్ టెర్రీ కాళ్లావేళ్లా పడితే ఆయన బతిమాలి రాయించి మిమ్మల్ని తెచ్చుకున్నాడు. ఎందుకంటే టెర్రీ న్యాయవాది నుంచి సైనికుడైన పెద్దమనిషి, లకోటాలతో పోరాడిన అనుభవం లేదు. మూడోసారి కూడా అవసరమే మిమ్మల్ని గట్టెక్కించింది.

వంశోద్ధారకా! ఏడో అశ్వికదళం సైన్యమా, ఇంటి వ్యవహారమా అని కొందరికి అనుమానం. ఒక తమ్ముడు టామ్ కెప్టెన్. బావమరిది వరసైన కాల్హౌన్ ఒక కంపెనీ అధిపతి. చిన్న తమ్ముడు బోస్టన్ జీతం పుస్తకంలో చేరాడు. వేసవి సెలవుల సరదాగా వచ్చిన పద్దెనిమిదేళ్ల మేనల్లుడు ఆటీ రీడ్ పశువుల కాపరి లెక్కలో. మన నియోజకవర్గాల్లో ఇంత బాగా సర్దేవాళ్లు తక్కువ. పత్రికలవాళ్లను వెంట తేవద్దని జనరల్ షెర్మన్ చెప్పినా బిస్మార్క్ నుంచి కెల్లాగ్ అనే విలేఖరిని కూడా తీసుకెళ్లారు. చూసి రాసేవాడు లేనిదే మీ యుద్ధానికి అర్థమేముంది?

జూన్ 22న రోజ్‌బడ్ ఏటి దగ్గర బయలుదేరేటప్పుడు గాట్లింగ్ తుపాకులు ఇస్తామంటే బరువన్నారు. రెండో అశ్వికదళం నుంచి నాలుగు కంపెనీలు ఇస్తామంటే ఏడో దళం ఒక్కటే చాలన్నారు. కీర్తి పంచుకోవాల్సి వస్తుంది కదా. కర్నల్ గిబ్బన్ నవ్వుతూ, ఆశపడకండి, మా కోసం ఆగండి అంటే, చెయ్యను అని గుర్రం తిప్పారట. ఆ రెంటిలో దేన్ని చెయ్యరో ఆయనకు మూడు రోజుల్లో తెలిసింది.

జూన్ 25 తెల్లవారాక క్రోస్ నెస్ట్ గుట్ట మీద నుంచి మీ క్రో, అరికరా తెగల వేగులు పదిహేను మైళ్ల దూరంలో నేల కదులుతున్నట్టున్న గుర్రాల మందను చూశారు. మీరు దూరదర్శిని పెట్టి చూసి, ఏమీ కనబడటం లేదన్నారు. ఈ ప్రాంతంలో ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాను, ఇంత పెద్ద గూడెం చూడలేదన్నాడు మిచ్ బూయే అనే వేగు. మీకిష్టుడైన వేగు బ్లడీ నైఫ్ కూడా, మన తూటాలకన్నా ఎక్కువమంది ఉన్నారన్నట్టు హెచ్చరించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మిమ్మల్ని పీడిస్తున్న భయం ఒక్కటే: వాళ్లు పారిపోతే! ఏడెనిమిది వేల మంది లకోటాలు, షయెన్‌లు, అరాపహోలు. వాళ్లలో పదిహేను వందల నుంచి రెండు వేల మంది యోధులు. వారం ముందే, జూన్ 17న, జనరల్ క్రూక్‌ను తరిమికొట్టిన ఊపు మీద ఉన్నవాళ్లు. ఆరు వందల చిల్లర మందితో వచ్చిన మీకు వాళ్లు జారిపోతారేమోనని బెంగ.

అందుకని ఉన్నవాళ్లనే ముక్కలు చేశారు. బెంటీన్‌ను మూడు కంపెనీలతో ఎడమ పక్క గుట్టల వెంట తిరగమన్నారు. మేజర్ రీనోను మూడు కంపెనీలతో గూడెం ముందుకు పంపారు. ఒక కంపెనీని సామాను కంచరగాడిదలకు కాపలా పెట్టారు. మిగిలిన అయిదు కంపెనీలతో మీరు కుడివైపు మిట్టల మీదికి ఎక్కారు. వాషిటా సూత్రమే: అన్ని పక్కల నుంచీ పడాలి, ఆడవాళ్లనూ పిల్లలనూ పట్టుకుంటే మగవాళ్లు ఆయుధాలు పడేస్తారు. ఆ సూత్రం బ్లాక్ కెటిల్ చిన్న గూడెం మీద పనిచేసింది. ఇక్కడ గూడెం మైళ్ల పొడవుంది. రీనో దళం నిమిషాల్లో చెదిరింది. పక్కనే ఉన్న బ్లడీ నైఫ్ తల పగిలి ఆ నెత్తురు మీద పడేసరికి రీనోకు మతి పోయింది. పైనుంచి గూడెం అసలు పరిమాణం చూసిన మీరు, బెంటీన్‌కు చీటీ రాయించి బాకా ఊదే కుర్రాడు మార్టీనీకి ఇచ్చి పంపారు. గూడెం పెద్దది, త్వరగా రా, తూటాల మూటలు తీసుకురా అని. మూటల సంగతి రెండుసార్లు రాయించారు. ఆ చీటీ ఎవరికి వెళ్లిందో గుర్తుందిగా? ఇలియట్‌ను మంచులో వదిలేశారని లోకానికి చెప్పినవాడికి. ఆయన వచ్చాడు, రీనో దగ్గర ఆగాడు, మీ దాకా రాలేదు.

ఆ తర్వాతి సంగతి ఆకలిగొన్నవాడు అన్నం తిన్నంత సేపటిలో అయిపోయిందని అవతలి పక్షంవాళ్లు చెప్పారు. మీరు, ఇద్దరు తమ్ముళ్లు, బావమరిది, మేనల్లుడు, విలేఖరి, అందరూ. ఎడమ రొమ్ములో ఒకటి, ఎడమ కణతలో ఒకటి, మీ ఒంటి మీద రెండు గాయాలు. పొడుగు జుట్టువాడిగా పేరుపడ్డ మీరు ఆ దండయాత్రకు ముందు క్షవరం చేయించుకుని వెళ్లారు. ప్రేక్షకులు చూడని ఒక్క సందర్భంలోనే వేషం లేకుండా కనిపించారు.

యశశ్శరీరా! చచ్చినవాడి కళ్లు చారెడని మన సామెత. మీ కళ్లు మాత్రం దేశమంత పెరిగాయి. అమెరికా నూరేళ్ల పండగ జరుగుతున్న జూలై మొదటి వారంలోనే కబురు పత్రికలకు అందింది. ఆ నష్టమంతా కస్టర్ తెచ్చిపెట్టుకున్నదే, అవసరం లేనిదని గ్రాంట్ బాహాటంగానే అన్నాడు. ఎవరు వింటారు? అప్పుడు దేశానికి నిజం అక్కర్లేదు, అమరవీరుడు కావాలి. నాలుగో అవసరం ఇదే, అన్నిటికన్నా లాభసాటిది. లిబ్బీగారు 34 ఏళ్లకు వితంతువై 1933 దాకా బతికారు. మూడు పుస్తకాలు రాసి, ఆమె కళ్లెదుట మిమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనకుండా కాపాడారు. వెస్ట్ పాయింట్‌లో పెట్టిన మీ విగ్రహం నచ్చక పీకించేశారు కూడా. మన దగ్గర విగ్రహం నచ్చకపోతే పక్కన ఇంకొకటి కడతారు. ఒక బీరు కంపెనీ మీ ఆఖరి పోరాటం బొమ్మ అచ్చు వేయించి దేశంలోని సారాకొట్లన్నింటికీ పంచింది. జీవితంలో ఎక్కువ కాలం మీరు చుక్క ముట్టలేదని తాగుబోతులకు ఎవరు చెబుతారు? 1941లో ఎరల్ ఫ్లిన్ తెర మీద మీరై నిలిచి అందంగా చనిపోయాడు.

ఇంతలో అసలు పని జరిగిపోయింది. మీ శవాలు మట్టిలో సరిగా కప్పకముందే, ఆగస్టు 1876లో, కొండలు రాసిచ్చేదాకా తిండి సరఫరా ఉండదని కాంగ్రెస్ తేల్చింది. ఒడంబడిక ప్రకారం వయోజన పురుషుల్లో నాలుగింట మూడు వంతులు సంతకం పెట్టాలి. పదిమందిలో ఒకరు పెట్టారు. 1877 ఫిబ్రవరిలో చట్టమైపోయింది. ఆ కొండల్లో హోమ్‌స్టేక్ గని ఒక్కటే 2002లో మూసేదాకా దాదాపు నాలుగు కోట్ల ఔన్సుల బంగారం తవ్వింది. బతికుండగా ఒక్క గూడెం గెలిచిన మీరు, చచ్చి కొండల వరస గెలిపించారు. మీ దళం 1890 డిసెంబరు 29న ఊండెడ్ నీ దగ్గర లకోటాలను ఊచకోత కోసి మిగిలిన లెక్క కూడా తీర్చుకుంది. ఆ ఘనకార్యానికి పతకాలు కూడా వేశారు.

ఇప్పుడు ఆ బ్లాక్ హిల్స్‌లో కస్టర్ అనే ఊరు ఉంది, కస్టర్ పేరుతో పార్కు ఉంది. డాలస్ నుంచో షికాగో నుంచో కారు వేసుకుని మౌంట్ రష్‌మోర్ చూడటానికి వచ్చే మన తెలుగు కుటుంబాలు అక్కడే బస చేసి, నలుగురు అధ్యక్షుల ముఖాల కింద సెల్ఫీ దిగి, అడవిదున్నల మంద వీడియో ఇంటికి పంపుతారు. ఆ రాయి ఎవరిదో గైడు చెప్పడు, మనమూ అడగం. యుద్ధభూమికి మాత్రం మీ పేరు పోయింది. 1991లో అది లిటిల్ బిగ్‌హార్న్ అయింది.

ఆ కొండలను లాక్కున్నది అన్యాయంగానేనని 1980లో అమెరికా సుప్రీంకోర్టే ఒప్పుకుని, వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం కట్టమంది. దేశంలోని అతి పేద ప్రాంతాల్లో ఒకటైన పైన్ రిడ్జ్‌లో ఉంటూ కూడా లకోటాలు ఆ డబ్బు ముట్టుకోలేదు. కొండలు ఇవ్వమంటున్నారు. సొమ్ము ఖజానాలోనే పెరిగి పెరిగి వంద కోట్లు దాటింది. అమ్మనన్నదానికి ధర కట్టి, పుచ్చుకోకపోతే వడ్డీ వేస్తూ, ఎప్పటికైనా చెయ్యి చాపుతారని ఎదురుచూడటమే ఇప్పుడు జరుగుతున్న దండయాత్ర. దానికి గుమస్తాలు సరిపోతారు, దొరవారూ. ఈసారి మీ అవసరం ఎవరికీ పడలేదు.